వీలునామాలో మా బడికి వాటా రాయించడానికి ఎనిమిది నెలలు పట్టింది

నేను చదువుకున్నది దివిసీమలో, కోడూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. 1978లో పదో తరగతి పాసయ్యాను. టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్‌లో 2020 జనవరి 31న బయటికొచ్చాను. ఇప్పుడు నాకు 63 ఏళ్లు. మా వారూ నేనూ విజయవాడలో ఉంటాం. నా తదనంతరం నా డబ్బులో కొంత ఆ బడి పిల్లలకు చేరేలా పోయిన ఏడాది వీలునామా రాయించాను. ఒకటి రెండు రోజుల పని అనుకుని జనవరిలో మొదలుపెట్టాను. రిజిస్ట్రేషన్ అయ్యేసరికి సెప్టెంబరు వచ్చింది. ఈ సంగతి తెలిసి నాతో పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు "మేమూ అనుకుంటున్నాం, ఎలా చేశావో చెప్పు" అని ఫోన్ చేశారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా రాసి పెడితే నయం అనిపించింది.

ఈ బడే ఎందుకంటే, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. ఆ రాత్రి గురించి ఇక్కడ ఎక్కువ రాయలేను. మా నాన్నమ్మ దొరకలేదు. ఇల్లు, గొడ్లు, నా పుస్తకాలు అన్నీ పోయాయి. బడి పైకప్పు పెంకులు ఒక్కటి కూడా మిగల్లేదు. సంక్రాంతి దాటాక మాస్టార్లు మమ్మల్ని పోగుచేసి చెట్ల కింద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. మా లెక్కల మాస్టారు పుస్తకాలు పోయిన తొమ్మిది మందికి తన చేత్తో నోట్సు రాసిచ్చారు. సాయంత్రం లాంతరు పెట్టి వాళ్లింటి అరుగు మీద చదివించేవారు. వాళ్లావిడని మేం పిన్నిగారూ అనేవాళ్లం. ఆవిడ రోజూ ఒక గిన్నెడు గుగ్గిళ్లో, ఉడకబెట్టిన చిలగడదుంపలో తెచ్చి మా మధ్య పెట్టేది. వాళ్లింట్లో కూడా అప్పుడు పెద్దగా ఏమీ లేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇద్దరూ ఇప్పుడు లేరు.

2025 సంక్రాంతికి ఊరెళ్లాం. కనుమ మర్నాడు తమ్ముడితో బడి ముందు నుంచి నడిచి వస్తుంటే గేటు రెక్క ఒకటి తుప్పు పట్టి ఒరిగిపోయి కనిపించింది. అమ్మానాన్నల పేర్లతో అక్కడ ఒక ఆర్చి కట్టించాలని ఆ క్షణంలో అనిపించింది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నా పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమల కింద రాసిచ్చిన అరవై సెంట్ల పొలం ఆ ఊళ్లోనే ఉంది. అది కూడా బడికే రాసేద్దామనుకున్నాను. తిరుగు బస్సులో ఈ మాట మా వారితో అంటే, "ముందు బడి వాళ్లనడుగు" అన్నారు. ఆ మాట వినడం మంచిదైంది.

జనవరి 20, సోమవారం. సెలవుల తర్వాత బడి తెరిచిన తొలి రోజుల్లోనే వెళ్లాను. హెచ్‌ఎం మేడమ్ నలభై దాటిన మనిషి, చాలా నెమ్మది. నేను ఆర్చి గురించి చెప్పింది పూర్తిగా విన్నారు. తర్వాత, "అమ్మా, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట చెబుతాను. గదులు, బల్లలు, బాత్రూములు ఏదో ఒక పథకంలో వస్తున్నాయి. మధ్యాహ్నం భోజనం ఉంది. పదో తరగతి పిల్లల్ని పబ్లిక్ పరీక్షలకి ముందు మూడు నెలలు సాయంత్రం ఆరు దాకా ఉంచి చదివిస్తాం. పన్నెండున్నరకి తిన్న అన్నం. నాలుగున్నరయ్యేసరికి తలలు వాల్చేస్తారు. ఆ స్టడీ అవర్‌కి ఏదన్నా పెట్టడానికి ఏటా దాతల కోసం వెతుక్కుంటాం. ఒక ఏడు దొరుకుతారు, ఒక ఏడు దొరకరు" అన్నారు.

నాకు వెంటనే జవాబు రాలేదు. పిన్నిగారి గిన్నె కళ్ల ముందు కనపడింది. నలభై ఏడేళ్ల తర్వాత కూడా ఆ బడిలో సాయంత్రం ఆకలి అలాగే ఉంది. ఆర్చి మాట మళ్లీ ఎత్తలేదు. మేడమ్ ఒక కాగితం మీద లెక్క వేశారు. పదో తరగతిలో 42 మంది. ఒక్కొక్కరికి గుగ్గిళ్లు, ఒక అరటిపండు కలిపి రోజుకు 12 రూపాయలు. 60 రోజులకి 30,240 రూపాయలు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో మొదటి పేజీ.

ఫిబ్రవరి 6న లాయరు గారి దగ్గరికి వెళ్లాను. వీలునామా అంటే స్టాంపు పేపరు కావాలనుకుని వంద రూపాయలది ఒకటి కొనుక్కెళ్లాను. ఆయన అది పక్కన పెట్టించారు. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. రాసినవారు సంతకం చేసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చట్ట ప్రకారం చెల్లుతుంది. అయినా బయటి సంస్థకి ఇస్తున్నప్పుడు రిజిస్టర్ చేయించడమే మంచిదని, రేపు ఎవరైనా "ఆవిడ చేత రాయించుకున్నారు" అనకుండా ఉంటుందని చెప్పారు.

ఆయన అడిగిన అసలు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "బడి పేరున రాస్తే పుచ్చుకునేది ఎవరమ్మా?"

జిల్లా పరిషత్ బడి దానంతటది ఒక సంస్థ కాదట. స్థలం, భవనం జిల్లా ప్రజా పరిషత్‌వి. బడి పేరున ఉన్న బ్యాంకు ఖాతా హెచ్‌ఎం, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఛైర్మన్ ఇద్దరి సంతకాలతో నడుస్తుంది. కమిటీ రెండేళ్లకోసారి మారుతుంది, హెచ్‌ఎం బదిలీ అవుతారు. నేను ఇంకో పదేళ్లో ఇరవై ఏళ్లో బతికితే, నేను పోయిననాడు ఆ డబ్బు అడిగేవాళ్లు ఎవరు, తీసుకుని గుగ్గిళ్లకే ఖర్చుపెట్టేవాళ్లు ఎవరు? పైగా పిల్లలు తగ్గి బడి ఇంకో బడిలో కలిసిపోతే? ఇవేవీ నేను ఆలోచించలేదు. వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. మంచి పని అనుకున్నది ఇంత చిక్కుగా ఉందేమిటని దిగులు.

పొలం విషయంలో లాయరు గారు ఇంకా గట్టిగా చెప్పారు. "హక్కు మీదే. మీ నాన్నగారు మీకు రాసిచ్చిన ఆస్తి, 1956 చట్టం ప్రకారం అది పూర్తిగా మీ సొంతం. మీవారి సంతకం కూడా అక్కర్లేదు. కానీ బడికి పొలం ఎందుకు? కౌలు ఎవరు వసూలు చేస్తారు? గట్టు ఎవరు కాస్తారు?" మా వైపే ఒక బడికి వెనకటి కాలంలో ఎవరో ఇచ్చిన భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఊళ్లో అందరికీ తెలుసు. నేనూ చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పొలం ఆలోచన అక్కడితో వదిలేశాను. ఇంట్లో ఈ మాట వెంటనే చెప్పలేదు. దాని ఫలితం మార్చిలో కనపడింది.

మార్చి 9, ఆదివారం. అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు, అమ్మాయి న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో ఉంది. ఇద్దరికీ చెప్పాను. అమ్మాయి, "నీ డబ్బమ్మా, నీ ఇష్టం" అంది. అబ్బాయి ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గరా మాట్లాడలేదు. తెల్లారి బయల్దేరి వెళ్లిపోయాడు. నాకు ఆ నాలుగు రోజులు గుండెలో రాయి పెట్టినట్టుంది. డబ్బు కోసం బాధపడే పిల్లాడు కాదు వాడు. మరి ఎందుకు? గురువారం నేనే ఫోన్ చేసి అడిగేశాను. కాసేపు ఆగి, "డబ్బు సంగతి కాదమ్మా. తాతయ్య పొలం బడికి ఇచ్చేస్తున్నావని మావయ్య చెప్పాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడు తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని ఆ గట్టు మీదే తిప్పేవాడు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడు.

సంక్రాంతి నాటి మాట తమ్ముడి నోటి నుంచి వాడి దాకా వెళ్లింది. వదిలేశానన్న మాట మాత్రం వెళ్లలేదు. పొలం మీకే ఉంటుందిరా అని చెప్పగానే వాడి గొంతు మారిపోయింది. ఆ ఫోన్‌లోనే, వీలునామా అమలు చేసే బాధ్యత తనకివ్వమన్నాడు. పిల్లలకు చెప్పకుండా రాసి బీరువాలో పెట్టేద్దామనుకునే వాళ్లకి నా మనవి ఒక్కటే. చెప్పండి, అదీ పూర్తిగా చెప్పండి. సగం మాట చెబితే వాళ్లు మిగతా సగం తామే ఊహించుకుని బాధపడతారు.

ఏప్రిల్ రెండో వారంలో, వేసవి సెలవులకి ముందు, బడి కమిటీ మీటింగుకి నన్ను రమ్మన్నారు. కమిటీ తరఫున ఒక తీర్మానం ఉంటే మంచిదని లాయరు గారు చెప్పారు. తల్లులే ఎక్కువ మంది వచ్చారు. చాలామంది కూలి పనుల్లోంచి నేరుగా వచ్చినవాళ్లు. నేను నా తదనంతరం ఇంత డబ్బు వస్తుందని చెబుతున్నాను. వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచి, "ఏవండీ, మీరు పోయాక ఇస్తానంటున్నారు. మా పిల్ల వచ్చే ఏడే పది. మీరు పోవాలని మేం ఎట్టా కోరుకుంటామండీ?" అంది.

గదిలో అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడే చెప్పాను, వచ్చే డిసెంబరు నుంచి నేను బతికున్నన్నాళ్లూ ఏటా ఆ ముప్ఫై వేలు నేనే ఇస్తానని. నా పెన్షన్‌లో అది నెలకి రెండున్నర వేలు. కష్టం కాదు. ఈ మాట నాకే ముందు ఎందుకు తట్టలేదా అని దారి పొడుగునా అనుకున్నాను. తీర్మానం ఆ రోజే రాశారు, అందరూ సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు.

మే, జూన్‌లలో రాష్ట్రమంతా టీచర్ల బదిలీలు జరిగాయి. మా హెచ్‌ఎం మేడమ్ కూడా వెళ్లిపోయారు. జూన్ 12న బడులు తెరిచారు. ఆ వారంలోనే వెళ్తే ఆమె కుర్చీలో కొత్త సార్ ఉన్నారు. ఆయనకి ఈ విషయం అసలు తెలియదు. మర్యాదగా మాట్లాడారు కానీ, ఏదో రాజకీయం ఉందేమో అన్నట్టు చూశారు. మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. తీర్మానం రిజిస్టరులో ఉండబట్టి సరిపోయింది. ఆ పేజీకి అప్పుడే ఒక జిరాక్సు తీసుకుని హెచ్‌ఎం సంతకం, స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోవాల్సింది. జూన్‌లో ఆ పని చేశాను. లాయరు గారు ఫిబ్రవరిలో చెప్పిన "మనుషులు మారతారు" అన్న మాట నాలుగు నెలల్లోనే నా అనుభవంలోకి వచ్చింది.

డబ్బు ఎవరి చేతికి అన్న ప్రశ్నకి చివరికి దొరికిన దారి పూర్వ విద్యార్థుల సంఘం. మా 1978 బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపు ఉంది కానీ సంఘం లేదు. సొసైటీగా రిజిస్టర్ చేస్తే దానికి పాన్ వస్తుంది, బ్యాంకు ఖాతా వస్తుంది, వీలునామా ప్రకారం డబ్బు పుచ్చుకునే అర్హత ఉంటుంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మా బ్యాచ్‌లో ఏడుగురిని ఒక్క రోజులో పోగుచేసి పేర్లు రాసుకెళ్లాను. లాయరు గారు వయసులు చూసి, "అందరికీ అరవై మూడు, అరవై నాలుగు. మీ తర్వాత ఇంకెన్నాళ్లుంటారమ్మా వీళ్లు?" అన్నారు. వినడానికి కఠినంగా ఉంది కానీ ఎంత నిజమో.

అప్పుడు చిన్నవాళ్లని వెతికాం. 2005 బ్యాచ్ అబ్బాయి ఒకడు అవనిగడ్డలో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు. 2011 బ్యాచ్ అమ్మాయి సచివాలయంలో పనిచేస్తోంది. అలా పదకొండు మంది అయ్యారు. మా బ్యాచ్ నుంచి ముగ్గురమే. పెట్టుకున్న పేరు ఇంకో సంఘం పేరుకి దగ్గరగా ఉందని ఒకసారి కాగితాలు వెనక్కి వచ్చాయి. మళ్లీ పెట్టాం. జూన్ చివర మొదలుపెడితే ఆగస్టు మొదటి వారంలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఖర్చులు అందరం పంచుకున్నాం. ఆ పిల్లలు నన్ను అమ్మమ్మగారూ అంటూ ప్రతి కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో ఓపిగ్గా చూపించారు. ఈ ఎనిమిది నెలల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగింది వీళ్లతో గడిపిన రోజుల్లోనే.

ఇక ఎంత ఇవ్వాలి అన్నది. నేను "ఐదు లక్షలు" అని రాయించబోయాను. ఏడాదికి ముప్ఫై వేలు వడ్డీ రావాలంటే సుమారు అంత డిపాజిట్ కావాలని మావారు లెక్క వేశారు. లాయరు గారు అంకె వద్దన్నారు. రేపు నాకో మా వారికో పెద్ద జబ్బు చేసి డబ్బంతా ఆసుపత్రికి పోతే, మిగిలిన ఐదూ బడికే వెళ్లి ఇంట్లోవాళ్లకి ఏమీ మిగలదు. అలాగే ధరలు పెరిగితే ఐదు లక్షలు చాలవు. అందుకని "నా వైద్యం, అప్పులు, కర్మకాండల ఖర్చులు పోగా నా పేరున మిగిలిన డిపాజిట్లలో నాలుగో వంతు" అని రాశాం. అసలు కదపకూడదు, వడ్డీలో పదో వంతు ఏటా అసలులో కలపాలి, మిగతాది పదో తరగతి పిల్లల సాయంత్రం ఆహారానికి వాడాలి అని ఇంకో పేరా. ఆ అవసరం ప్రభుత్వమే తీరిస్తే పిల్లల ఇంటర్, పాలిటెక్నిక్ అడ్మిషన్ ఖర్చులకి. ఆ బడి మూతపడితే లేదా కలిసిపోతే, మా ఊరి పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్తారో ఆ బడికి. ఈ మూడో వాక్యం రాయిస్తున్నప్పుడు చెయ్యి వణికింది. మా బడి మూతపడటం అన్న మాటని కాగితం మీద చూడలేకపోయాను. అయినా రాయక తప్పదు.

డ్రాఫ్టులో ఇంకో చిక్కు నా పేరు. పొలం దస్తావేజులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, సర్వీసు రికార్డులో రెండూ పొడి అక్షరాలుగా. మూడూ ఒకరివేనని వీలునామా మొదటి పేరాలోనే "అనే నేను" అంటూ రాయించాం. ఆడవాళ్లందరికీ ఇది ఉండే చిక్కే. ముందే చూసుకోండి.

బ్యాంకులో కూడా ఒక విషయం తెలిసింది. నా డిపాజిట్లకి నామినీగా సంఘం పేరు పెట్టమని అడిగాను. కుదరదన్నారు. నామినీ మనిషే అయి ఉండాలి, సంస్థ కాకూడదట. నామినీగా మా వారి పేరే ఉంది. నామినీ అంటే డబ్బుకి హక్కుదారు అనుకునేదాన్ని. బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని హక్కున్నవాళ్లకి అప్పజెప్పే మనిషి మాత్రమే. ఎవరికి ఎంత అన్నది వీలునామా చెబుతుంది. ఇది అబ్బాయికీ మా వారికీ కూర్చోబెట్టి చెప్పాను.

నాతో పనిచేసిన ఒక స్నేహితురాలు తను చదివిన మిషన్ స్కూలుకి ఇలాగే ఇవ్వాలనుకుంటోంది. ఆవిడ కోసం అడిగితే లాయరు గారు ఒక సంగతి చెప్పారు. దగ్గర బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యాలకి వీలునామా ద్వారా ఏదైనా ఇవ్వాలంటే, చనిపోవడానికి కనీసం పన్నెండు నెలల ముందే రాసి ఉండాలని, రాసిన ఆరు నెలల్లో దాన్ని చట్టం చెప్పినచోట దాచి ఉండాలని పాత వారసత్వ చట్టంలో ఒక సెక్షన్ ఉండేదట. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఆవిడకి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, ఎంతో సంబరపడింది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సెప్టెంబరు 18, గురువారానికి స్లాట్ దొరికింది. అవి మహాలయ పక్షం రోజులు. మా ఆడపడుచు "దసరా వెళ్లాక చూసుకోవచ్చుగా వదినా" అంది. పోయినవాళ్లని తలుచుకునే రోజులే కదా, నాన్నమ్మ, మాస్టారు, పిన్నిగారు అందరూ మనసులో ఉన్నారు, ఇంతకంటే మంచి రోజు నాకు తోచలేదు.

సాక్షుల గురించి ఒక మాట. సంఘంలో సభ్యులెవరూ సాక్షులుగా ఉండకుండా చూసుకున్నాం. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లే. ఒకరు మా అపార్ట్‌మెంట్‌లో ఉండే లెక్చరర్, ఇంకొకరు నా పాత సహోద్యోగి. ఇద్దరూ ఆధార్ కార్డులతో రావాలి, నేను సంతకం పెడుతుంటే చూడాలి. ముందు రోజు మా డాక్టరు గారి దగ్గర నా మానసిక ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ తీసుకున్నాను. తప్పనిసరి కాదు, అయినా వీలునామాకి జత చేస్తే బలం అన్నారు.

పదకొండు గంటల స్లాట్. పిలిచేసరికి ఒంటిగంట దాటింది. కూర్చోవడానికి రెండే బల్లలు, రెండూ నిండి ఉన్నాయి. మంచినీళ్లు, ఏదైనా తినడానికి తీసుకెళ్లండి. వేలిముద్ర మెషీన్ మీద నా వేళ్లు పడలేదు. వయసు పైబడితే గీతలు అరిగిపోతాయట. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నాలుగోసారికి పడింది. ఆ పది నిమిషాలు పని ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

సబ్ రిజిస్ట్రార్ గారు మా వారిని బయట కూర్చోమన్నారు. నన్ను ఒక్కదాన్నే ఉంచి అడిగారు. ఇది మీ ఇష్టంతోనే రాశారా? ఎవరైనా ఒత్తిడి చేశారా? ఇందులో ఏముందో మీకు తెలుసా? చెప్పండి. నేను కాగితం చూడకుండా మొత్తం చెప్పాను. గుగ్గిళ్ల సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన రాయడం ఆపి తలెత్తి చూశారు. "ఏ బడి అమ్మా?" అని అడిగారు. చెప్పాను. తనూ జిల్లా పరిషత్ బడిలోనే చదివానన్నారు. తర్వాత ఫోటో, సంతకాలు, వేలిముద్రలు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

బయటికి వచ్చాక నాకు తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఏడుపొచ్చింది. నా చావు గురించి ఎనిమిది నెలలు రోజూ మాట్లాడుతూ, ఎప్పుడూ దాన్ని నిజంగా అనుకోలేదు. "నా తదనంతరం" అన్న మాట పక్కన నా సంతకం చూసేసరికి అనుకున్నాను. మా వారు ఏమీ అనకుండా ఎదురుగా ఉన్న బండి దగ్గర చెరకు రసం ఇప్పించారు.

రిజిస్టర్ అయిన కాగితం నాలుగు రోజులకి చేతికొచ్చింది. వీలునామాలని ఆఫీసులో మూడో నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు. అది అందరికీ చూపించే పుస్తకం కాదు, ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే కనపడదు. నేను బతికున్నంత కాలం నకలు నాకు తప్ప ఎవరికీ ఇవ్వరు. అందుకే వీలునామా ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలియకపోతే అది ఉండీ లేనట్టే. అసలు లాకరులో పెట్టాను. నంబరు, తేదీ, ఆఫీసు పేరు రాసిన చీటీ అబ్బాయి దగ్గర ఒకటి, సంఘం కార్యదర్శి దగ్గర ఒకటి ఉన్నాయి. అమ్మాయికి ఫోటో పంపాను. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది.

ఖర్చు మొత్తం చెప్పేస్తాను. లాయరు ఫీజు 7,000. డాక్టరు 500. వాడని స్టాంపు పేపరు 100. విజయవాడ నుంచి ఊరికి ఆరుసార్లు రాకపోకలు, ఆటోలతో కలిపి నాలుగు వేల పైచిలుకు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టింది లాయరు ఫీజు కంటే తక్కువే, దానికి భయపడక్కర్లేదు. ఖర్చయింది ఎక్కువగా సమయం.

డిసెంబరు మొదటి వారంలో స్టడీ అవర్ మొదలైంది. నేను రెండో రోజు వెళ్లాను. కొత్త హెచ్‌ఎం సార్ ఇప్పుడు నాతో బాగా మాట్లాడుతున్నారు. వంట చేసే ఆవిడే సెనగలు ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టింది. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. ఏప్రిల్‌లో లేచి అడిగిన ఆమె కూతురు ఎవరో నాకు తెలియదు, అడగలేదు కూడా. మర్నాడు సంఘం కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంకో ఇద్దరు పిల్లలు ప్రైవేటు స్కూలు నుంచి వచ్చి చేరారట, 44 మంది అయ్యారు, అరటిపండ్లు చాలడం లేదు అమ్మమ్మగారూ అన్నాడు. రెండు ఎక్కువ తెమ్మని చెప్పాను.